వాటం తప్పిన నేల

టొరంటోలో మా వీధి ఇళ్లలో సగం స్నానాల గదులకు టైల్స్ వేసింది ఎలియో టొఫోలోనే. కుర్రతనంలో ఇటలీ నుంచి వచ్చి, బతుకంతా ఆ పనే చేశాడు. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి మొద్దుబారాక కొడుకు బలవంతం మీద మానేశాడు.

ఆ మరుసటి ఏడు అతని చెల్లెలు నోరీనాకు తుంటి ఆపరేషన్ అయింది. బాత్‌టబ్బు అంచు దాటి కాలు లోపల పెట్టలేకపోతోంది. టబ్బు తీయించేసి, నేరుగా నడిచి వెళ్లేలా షవర్ కట్టించాలని ఆమె, భర్త డారియో అనుకున్నారు. సంగతి చెవిన పడిన మర్నాడే ఎలియో పనిముట్ల పెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎవరినో పిలుస్తున్నారట?”

“నీ చెయ్యి బాగోలేదు కదా అన్నయ్యా…”

“ఒకటి బాగానే ఉంది కదే. నీ మొగుడికి రెండూ బాగున్నాయి, మేకు కొట్టడం రాదు.”

“అది మాత్రం నిజం బావా,” అని డారియో నవ్వుతూ పెట్టె అందుకున్నాడు.

ఇనప టబ్బు మెట్ల మీదుగా దిగదని బావలిద్దరూ దాన్ని లోపలే సుత్తితో పగలగొట్టారు. తర్వాతి పనంతా ఎలియోదే. మోకాళ్ల మీద కూర్చుని నేలకు సిమెంటు పరిచాడు, లేవాల్సి వచ్చినప్పుడల్లా గోడ పట్టుకుని లేచాడు. కాఫీ తెచ్చిన చెల్లెలు గుమ్మంలో కాసేపు నిలబడితే, “పోవే, నీ దిష్టి తగులుతుంది” అని తరిమేవాడు. అతను అంత హుషారుగా ఈల వేయడం ఆమె విని చాలాకాలమైంది.

పని పూర్తయి మొదటిసారి స్నానం చేసిననాడే తెలిసింది. నీళ్లు బయటికి పోయే జాలీ వైపు వెళ్లకుండా మూలకు చేరి నిలబడుతున్నాయి. కిటికీ పక్కన గోడ టైల్స్ వరస కూడా కాస్త పైకి ఎక్కింది.

“బావకు చెప్పేద్దాం,” అన్నాడు డారియో.

“చెప్తే కుమిలిపోతాడు. నీళ్లే కదా, తుడుచుకుంటాను.”

కొన్నాళ్లు తుడిచింది. ఒకరోజు పొద్దున ఆ తడిలో కాలు జారి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. డారియో ఇక ఊరుకోలేదు. ఎలియో అప్పుడు సడ్‌బరీలో కూతురి దగ్గర ఉన్నాడు. అతను తిరిగొచ్చేలోపే కానిచ్చేద్దామని వేరే పనివాణ్ణి పిలిచారు.

ఆ మనిషి చూసి, “గోడలు గట్టిగానే ఉన్నాయమ్మా. నేల ఒక్కటి విప్పి నీళ్ల వాటం సరిచేస్తే చాలు,” అన్నాడు.

నోరీనా కిటికీ పక్క వరస వైపు చూసింది. “ఎలాగూ విప్పుతున్నారు కదా, అదీ తీసేయండి. అవే తెల్ల టైల్స్ వేయండి.” రంగు అదే అయితే అన్నయ్య కనిపెట్టలేడనుకుంది.

ఆదివారం ఎలియో భోజనానికి వచ్చాడు. కింద కుందేలు కూర, మొక్కజొన్న పిండితో ఉడికించిన పొలెంటా వడ్డించి ఉన్నాయి. చేతులు కడుక్కోవడానికి పైకి వెళ్లిన మనిషి ఎంతకీ దిగిరాలేదు. నోరీనా వెళ్లి చూసింది. అతను గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

“ఇది నా గోడ కాదు,” అన్నాడు.

అరచేతిని కిటికీ పక్క వరస మీదికి జరిపాడు.

“ఇక్కడ నా వరస ఎక్కింది. ఆ రోజే చూశాను. విప్పి మళ్లీ వేద్దామంటే అప్పటికి చెయ్యి లేవలేదు. నువ్వేమీ అనలేదు కదా, నచ్చిందేమోలే అనుకున్నా. మరి నేలెందుకు తీశారు?”

“నీళ్లు నిలిచేవి అన్నయ్యా. ఒకసారి జారాను.”

“జారావా? దెబ్బ తగిలిందా?”

“లేదు.”

అతను ఊపిరి వదిలాడు. “నీళ్లు నిలుస్తున్నాయని ఒక్క మాట అంటే నేనే సుత్తి పట్టుకుని వచ్చేవాణ్ణి కదే! నేను వేసిన నేలలు నేనే ఎన్ని పగలగొట్టుకున్నానో నీకేం తెలుసు?”

కిందికి వచ్చి కూర్చుని తిన్నాడు. కూర బాగుందని మెచ్చుకున్నాడు కూడా. గొడవేమీ జరగలేదు. ఆ తర్వాతా ప్రతి ఆదివారం వచ్చాడు. పనిముట్ల పెట్టె మాత్రం చర్చివాళ్ల పాత సామాన్ల సంతకు ఇచ్చేశాడని అతని కొడుకు చెప్పగా తెలిసింది.

“తిడతాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను,” అంది నోరీనా మొగుడితో. “విప్పి మళ్లీ వేస్తాడని నాకెందుకు తట్టలేదు?”

“నేనైనా గట్టిగా చెప్పాల్సింది,” అన్నాడు డారియో.

వసంతంలో పెరటి గుమ్మం మెట్టు మీద రాయి ఒకటి కదిలింది. ఆమె అన్నకు ఫోన్ చేసింది. “నువ్వే వచ్చి పెట్టాలి అన్నయ్యా. పక్కన కూర్చుని సిమెంటు నేను కలిపి ఇస్తాను.”

“మీ షవర్ కట్టినతన్ని పిలువు. పనితనం ఉన్నవాడు,” అన్నాడు ఎలియో. గొంతులో ఎత్తిపొడుపు లేదు. కాలు ఎలా ఉందని అడిగాడు, టమాటా నారు పోశానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఆ రాయి వేసవంతా అలాగే ఊగుతూ ఉంది. డారియో ఎన్నిసార్లు అడిగినా, వేరే ఎవరిచేతనైనా పెట్టించడానికి నోరీనాకు మనసొప్పలేదు.