మూలంలో లేని వాక్యం

మైకు కీచుమంది. వెంటనే గోడ అవతలి నుంచి ఒక వాక్యం వచ్చింది: "విముక్తిని గురించి రాసేవాడి ఆకలి వేళను మరొకరు గుర్తుపెట్టుకుంటారు, ఆ మరొకరికి ఏ సిద్ధాంతంలోనూ చోటు లేదు."

కప్పులు తుడుస్తున్న ఆమె చేయి ఆగింది. ఆ వాక్యం ఆమెది.

చదువుతున్నది ఆమె భర్త, శాఖాధ్యక్షుడు. విదేశీ తత్త్వవేత్త మహాగ్రంథాన్ని మన భాషలోకి తెచ్చినవాడని ఆయనకు పేరు. అదే శాఖలో పదకొండేళ్లుగా తాత్కాలిక అధ్యాపకురాలైన ఆమెకు సదస్సులో అప్పగించిన బాధ్యత టీ. "నీ చేతి టీ అయితే వాళ్లు ఇంకో గంట కూర్చుంటారోయ్" అన్నాడు పొద్దున, బిరుదేదో ఇస్తున్నట్టు.

అనువాదం చేసింది ఆమె. నాలుగేళ్లు, వంటింటి బల్ల మీద, ఆధిపత్యం అనాలా పెత్తనం అనాలా అని తనతో తానే తగవులాడుకుంటూ. నాలుగో అధ్యాయంలో ఒక్క పేరా దగ్గర ఏడుసార్లు లేచింది: పొంగిన పాలకు, వీధి తలుపు గంటకు, కనిపించని కళ్లజోడుకు. "వాడు చదువుకుంటున్నాడు, కదపకు. నువ్వు ఊరికే రాసుకుంటున్నావుగా, ఇలా రామ్మా" అనేవారు అత్తగారు. ఏడోసారి తిరిగొచ్చి, ఒళ్లు మండి, తత్త్వవేత్త పేరా కింద తన వాక్యం రాసింది. కొట్టేయబోతుంటే ఎనిమిదో పిలుపు వచ్చింది. భర్త ఒక్క పుటైనా తిప్పకుండా రాతప్రతిని అచ్చుకిచ్చాడు. ముందుమాట చివర ఆమె "చక్కని దస్తూరీతో సాయపడిన ఇల్లాలు" అయింది. ఆ వాక్యాన్ని విశ్లేషించి ఇద్దరు డాక్టర్లయ్యారు.

ట్రే పట్టుకుని లోపలికి వెళ్లేసరికి ఒక పరిశోధక విద్యార్థిని నిలబడి ఉంది. మూలగ్రంథం రెండుసార్లు చదివాననీ, ఆ వాక్యం ఎక్కడా దొరకలేదనీ నెమ్మదిగా అంటోంది. వేదిక మీద కదలిక పుట్టింది. తొలి ముద్రణలో ఉందని ఒక పెద్దాయన, కాదు ఉత్తరాల్లో ఉందని మరొకాయన. అది తత్త్వవేత్త రాయకుండా వదిలిన మౌనమని మూడో ఆయన తేల్చారు.

భర్త చిరునవ్వు నవ్వాడు. "పుట నంబర్లు కాదమ్మా, మూలం ఆత్మ పట్టుకోవాలి. ఇంత మాట ఆయన తప్ప ఇంకెవరు అనగలరు?"

హాలు నవ్వింది. ఆమె ఉద్యోగం ఏటేటా భర్త సంతకంతోనే సాగుతుంది. కొత్త ఏడాది కాగితం ఇంకా ఆయన బల్ల మీదే ఉంది. కప్పులు అందించి వెళ్లిపోతే సరిపోయేది. కానీ ఆ పిల్ల "నేనే సరిగ్గా చదవలేదేమో సార్" అంటూ కూర్చుని, తన నోటుపుస్తకంలోని ప్రశ్నను అడ్డంగా కొట్టేస్తోంది.

ఆమె ట్రేను ఖాళీ కుర్చీలో పెట్టింది.

"కొట్టేయకు. నువ్వు సరిగ్గానే చదివావు. ఆ వాక్యం మూలంలో లేదు, అది నేను రాసింది."

"ఏమిటిది, ఇక్కడా?" అన్నాడు భర్త, మైకును అరచేత్తో మూసి.

విద్యార్థిని కలం ఎత్తింది. "మరి ఎవరిదని రాసుకోమంటారు మేడమ్?"

పదకొండేళ్లలో ఆ హాలులో ఎవరూ పిలవని తన పేరును, పుట్టింటి ఇంటిపేరుతో సహా, వెనక వరుసకు వినిపించేలా ఆమె చెప్పింది.