ఒకటిన్నర జీబీ

"నీ సామానేదైనా ఉంటే తీసెయ్. జాగా చాలట్లేదు" అన్నారు ఆయన, సాయంత్రం ఉప్మా తింటూ, నా వైపు చూడకుండానే.

లాప్‌టాప్‌లో డిస్కు నిండిపోయిందని ఎర్రగీత వచ్చి అప్పటికి నెల దాటింది. మేం ఈ ఇనుపగనుల ఊరు కిరందుల్‌లో క్వార్టర్‌కి వచ్చిన రెండో ఏడు, 2009లో కొన్నది అది. రెండు జీబీల మెమరీ. ఆన్ చేసి, వెళ్లి పప్పు కడిగి కుక్కర్‌లో పెట్టి వస్తే అప్పటికి తెరుచుకునేది. కొండమీంచి దిగే ఎర్రదుమ్ము మా ఊళ్లో బట్టల్నీ బియ్యాన్నీ వదలనట్టే దాని మీటల సందుల్నీ వదిలేది కాదు. అగ్గిపుల్లకి దూది చుట్టి ఆదివారం ఆదివారం తుడవడం నా పని. తుడవడమే కాదు, దానితో చేసేవన్నీ నా పనులే. విజయనగరంలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. ఆయన గనిలో మెషీన్ల మరమ్మతు చూసే ఫోర్‌మన్. ఆయన రిపోర్టులు, ఆయన స్నేహితుల రిటైర్‌మెంట్ ఆల్బమ్‌లు, ఏటా సేఫ్టీ వీక్‌లో ఆయన చూపించే ప్రజెంటేషన్, అన్నీ ఈ చేతులమీదుగానే వెళ్లేవి. మూడుసార్లు ఫస్టు ప్రైజ్ వచ్చింది. షీల్డు చూడటానికి ఇంటికొచ్చిన వాళ్లతో, "మా ఆవిడకి కాస్త టైపింగ్ వచ్చులెండి" అనేవారు.

డిస్కు నిండినప్పుడల్లా ఖాళీ చేసేదీ నేనే. ఖాళీ చేయాలంటే ముందు నావే తీసేదాన్ని. ఆయన సినిమాలు తీస్తే అడుగుతారు. అత్తగారి సీరియళ్లు తీస్తే ఆవిడ రెండ్రోజులు అన్నం దగ్గర అలుగుతారు. నావి పోతే అడిగేవాళ్లు లేరు. అలా జావా పాఠాలు తీసేశాను. ఉద్యోగాలకి రాసుకున్న అప్లికేషన్లు తీసేశాను. మా తమ్ముడి పెళ్లిఫొటోలు నాలుగు ఉంచుకుని మిగతావి తీసేశాను. చెత్తబుట్టలో పడ్డవి కూడా జాగా తింటాయి, షిఫ్ట్ నొక్కి డిలీట్ కొడితే ఒకేసారి పోతాయని ఆయనకి నేర్పింది కూడా నేనే.

"ఇంక నావేం లేవు. మీ సినిమాలు ఒక పది తీస్తే సరిపోతుంది" అన్నాను.

"రేపు మేనేజర్ గారి వీడియో తెస్తున్నాను, పెద్దది. దాన్ని ప్రజెంటేషన్‌లో పెట్టాలి. సరే, నేను చూస్తాలే" అన్నారు. నేను గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయాను.

నావేం లేవన్నది అబద్ధం. ఒకటి ఉంది. 'ప్రింటర్ డ్రైవర్లు' అని పేరు పెట్టిన ఫోల్డరు. ఆ పేరుంటే ఎవరూ తెరవరని అలా పెట్టాను. అందులో తొమ్మిది వీడియోలు, అన్నీ కలిపి ఒకటిన్నర జీబీ. మా అమ్మాయి ముత్యం నడవడం, తినడం, అలగడం, స్నానానికి దొరక్కుండా పెరట్లో పరిగెత్తడం. మూడేళ్ల నాలుగు నెలలు ఉంది మాతో. నాలుగేళ్ల కిందట, వానల్లో, జ్వరమొచ్చిన మూడోరోజుకి పోయింది. మెదడుకెక్కిన మలేరియా అన్నారు. ఆ వీడియోలు తీసిన ఫోను కూడా తర్వాత పాడైపోయింది. ఆ ఒకటిన్నర జీబీ తప్ప నాకు దాని గొంతు ఇంకెక్కడా లేదు.

పోయిన పదిరోజులకే మా అత్తగారు వరహాలమ్మ గారు, "ఇంకో బిడ్డని కనీసుకుంటే నెమ్మదిస్తాది" అన్నారు. ఏడాదికి, "గుంట పోయి సంవచ్చరం అయిపోనాది, ఇంకా ఏటి ఆ ఏడుపు, ఇంటికి మంచిది కాదు" అన్నారు. దాంతో నేను ఏడవడం వంటింట్లోకి మార్చుకున్నాను. ఆయన డ్యూటీకి వెళ్లాక, ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు, గ్యాస్ బండ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని సౌండ్ తగ్గించి చూసేదాన్ని. ఒక్కోసారి ఆయన ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆగలేకపోయేదాన్ని.

ఆయన జాగా అడిగిన మర్నాడు సంత. ఆయన ఫస్ట్ షిఫ్టుకి తెల్లారకుండానే వెళ్లిపోయారు. పది గంటలకి కోసే అనే గోండు ఆవిడ వచ్చింది. కొండవతలి ఊరు తనది. ముత్యం పుట్టినప్పుడు మా ఇంట్లో పనిచేసింది. తర్వాత పొలంపనుల్లో పడి మానేసినా సంతకి వచ్చినప్పుడల్లా కాస్త చింతపండో నాలుగు ఆకుదొప్పలో పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చునేది. మేమిద్దరం హిందీ, హల్బీ, నాకు రెండు ముక్కలొచ్చిన గోండీ కలిపి మాట్లాడుకునేవాళ్లం. ముత్యాన్ని తను గుడ్డతో వీపుకి కట్టుకుని గోండీలో పాడుతూ పెరడంతా తిరిగిన వీడియో ఒకటి ఉండేది. అది చూడటానికే వచ్చేది తను.

"దీదీ, పిల్లని చూపించవా?" అంది, చేతులు చీరకి తుడుచుకుంటూ.

లాప్‌టాప్ తెరిచాను. ఫోల్డరు లేదు. ఇంకోచోట పెట్టానేమోనని వెతికాను. పేరుతో వెతికాను, తేదీతో వెతికాను. ఎర్రగీత పోయి నీలంగీత వచ్చిందని అప్పుడు గమనించాను. చెత్తబుట్ట ఖాళీ. ఆయన ఎనభై సినిమాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఏమైంది?" అంది కోసే. నా మొహం చూసి తనే అర్థం చేసుకుని, నేల మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుండిపోయింది.

వెనక నుంచి అత్తగారన్నారు. "నానే తీసీమన్నాను ఆడ్ని. ఎన్నాళ్లే తల్లీ, పెట్టిలో శవాన్ని దాసుకున్నట్టు?"

ఆ మాటకి నేను ఏడవలేదు. నాకు చదువు గుర్తొచ్చింది. ఇలాంటి డిస్కులో తీసేసిన ఫైలు ఆ క్షణానే పోదు. దాని పేరు మాత్రమే పోతుంది. ఆ జాగాలో ఇంకేదైనా వచ్చి రాసుకునేదాకా అది అక్కడే ఉంటుంది. ఆయన ఇవాళ తెస్తానన్న వీడియో దీంట్లోకి ఎక్కకూడదు. వెంటనే తీగ లాగేసి, తిరగేసి, బ్యాటరీ ఊడదీసి బియ్యం డబ్బాలో పెట్టేశాను.

మూడింటికి ఆయన వచ్చారు. బూట్లు విప్పకుండానే పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి, "ఎల్లుండి పది గంటలకి ప్రోగ్రాం. ఇవాళ కూర్చుంటే అయిపోతుంది నీకు" అన్నారు.

"ముత్యం వీడియోలు మీరే తీసేశారా?"

"ప్రింటర్ డ్రైవర్లు ఒకటిన్నర జీబీ ఏంటని తెరిచాను. తీసింది నీ మంచికే" అన్నారు. "ఎన్నేళ్లు చూస్తూ కూర్చుంటావు? నువ్వు బాగుపడాలనే తీశాను."

"నన్ను అడిగారా?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

ఒప్పుకోనని తెలిసే చేశారన్నమాట. పన్నెండేళ్ల కాపురంలో నా మంచికోసం చేసినవన్నీ నన్ను అడగకుండా చేసినవే. విజయనగరంలో వచ్చిన టీచరుద్యోగం వద్దని మా నాన్నకి ఫోన్ చేసి చెప్పింది నా మంచికే. ముత్యం బట్టలు, గౌన్లతో సహా, నేను స్నానానికి వెళ్లినప్పుడు మూటకట్టి ఇచ్చేసింది నా మంచికే.

"బ్యాటరీ ఏది?" అన్నారు, లాప్‌టాప్ తిరగేసి.

"నా దగ్గరుంది. దీంట్లో ఇంక ఏదీ ఎక్కించను. రేపు పొద్దున్నే జగదల్‌పూర్ తీసుకెళ్తున్నాను."

"ప్రజెంటేషనో?"

"చెయ్యను."

ఆయన అరిచారు. తర్వాత బతిమాలారు. అత్తగారు నా వంశాన్ని తిట్టారు. నేను ఆ పూట కూడా అన్నం వండాను, వడ్డించాను. లాప్‌టాప్‌ని పాత చీరలో చుట్టి తలకింద పెట్టుకుని పడుకున్నాను.

జగదల్‌పూర్‌కి బస్సులో నాలుగు గంటలు. ఒళ్లో ఆ మూట. గుంటల్లో బస్సు ఎగిరినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను, పిల్లల్ని పట్టుకున్నట్టే. పోయిన వస్తువులు డిస్కుల్లోంచి తీసే దుకాణం బస్టాండు వెనక వీధిలో ఉందని చెప్పారు. నడిపేది సాహు అని యాభై దాటిన మనిషి. విషయం విని, "తీసేశాక దీంట్లో ఏమైనా రాశారా?" అని హిందీలో అడిగారు. రాయలేదన్నాను. "మీరు పని తెలిసిన మనిషి బెహన్‌జీ" అన్నారు. నా చదువుకి పెళ్లయ్యాక దొరికిన మొదటి మెచ్చుకోలు అది.

మధ్యాహ్నం దాకా స్టూలు మీద కూర్చున్నాను. నేను ఏం రాయకపోయినా యంత్రం తనలో తాను ఏవేవో రాసుకుంటూనే ఉంటుందట. మొన్న సాయంత్రం నుంచి నేను తీగ లాగేలోపు చాలా మటుకు రాసేసుకుంది. తొమ్మిదిలో ఎనిమిది తెరుచుకోలేదు. కోసే పాడింది రాలేదు. స్నానానికి దొరక్కుండా పరిగెత్తింది రాలేదు. ఒక్కటి వచ్చింది. అదీ ముప్పైఎనిమిది సెకన్లు. బొమ్మ లేదు, తెరంతా నలుపు. గొంతులు మాత్రం ఉన్నాయి, అడిగేది నాది, చెప్పేది ముత్యంది.

"ముత్యం, నాన్న ఎక్కడికెళ్తాడు?"

"కొండకి."

"కొండ మీద ఏం చేస్తాడు?"

"లాయి కొత్తాడు!"

"ఎవరికోసం కొడతాడు?"

"నాకోతం."

తర్వాత నవ్వు. పిల్లది కాదు, ఆయనది. ఆగలేక, ఊపిరాడక నవ్విన నవ్వు. ఇన్నేళ్లూ దీన్ని చూసినప్పుడల్లా ముత్యం పళ్లే చూశాను, గౌను మీది పువ్వులే చూశాను. పక్కన ఎవరు నవ్వుతున్నారో వినలేదు. నాలుగేళ్లుగా మా ఇంట్లో ఆ నవ్వు లేదు. అది పోయిందని కూడా నాకు తెలీలేదు.

అప్పుడే ఆయన ఫోన్ చేశారు. "ఎంతవరకొచ్చింది? బస్సెక్కావా? రేపు పదింటికల్లా..." అంటున్నారు. సాహు గారికి సైగచేసి, ఫోన్‌ని స్పీకరు దగ్గర పెట్టాను. ముప్పైఎనిమిది సెకన్లు.

అయిపోయాక, లైను కట్ కాలేదని ఊపిరి చప్పుడుని బట్టి తెలిసింది.

"వంటింట్లోంచి దాని గొంతు వినబడితే ఆ రోజు నాకు కొండ మీద చేతులు ఆడవు" అన్నారు. "బోల్టు బిగించలేను. ఎవరికి చెప్పుకోను?"

"నాకు చెప్పాలి" అన్నాను. "మీరు ఓర్చుకోలేక తీసేశారు. నా మంచికని ఎందుకన్నారు?"

"ఇంకొక్కసారి పెట్టవూ" అన్నారు. ఆయన నన్ను అలా అడగడం ఎప్పుడూ వినలేదు. నా చెయ్యి స్పీకరు వైపు వెళ్లింది కూడా. కానీ నాకు ఆ ఎనిమిదీ గుర్తొచ్చాయి. ఆయన ఎంత ఏడ్చినా అవి తిరిగి రావు.

"మీకొకటి వేరే పెన్‌డ్రైవ్‌లో తెస్తాను. ఎప్పుడు వినాలో మీరే చూసుకోండి. నాది నా దగ్గరుంటుంది" అని ఫోన్ పెట్టేశాను.

సాహు గారు రెండు కాపీలు చేసి చేతిలో పెట్టారు. లాప్‌టాప్ చీరలో చుట్టబోతుంటే, "ఇంకేమైనా పనుందా బెహన్‌జీ?" అన్నారు.

"ఉంది. పాతదైనా ఫర్వాలేదు, ఒక్క మనిషికి సరిపడే కంప్యూటరు ఏదైనా ఉంటే చూపించండి" అన్నాను.