పెనం కింద అడుగు

బావి నీళ్ళు ఉప్పెక్కాక ఊరంతా రోడ్డు పక్క కొత్త ఇళ్ళకు పోయింది. కచ్ ఉప్పు ఎడారి అంచున ఈ ఊళ్ళో ఇక పొగ లేచే పొయ్యిలు రెండే. ఒకటి నాది, ఇంకోటి హవాబాయిది. ఆ రెండో పొగ కనబడితేనే నాకు తెల్లారినట్టు.

రోడ్డు పక్క ఏముంది, లారీల దుమ్ము తప్ప. ఇక్కడ చలికాలం పొద్దున్నే ఉప్పు మీద ఎండ పడుతుంది, నీటి అంచున రాజహంసల గుంపు ఒక్కసారిగా లేస్తుంది. ఆకాశం సగం గులాబీ రంగుకు తిరుగుతుంది. చూడ్డానికి ఒక్క మనిషైనా ఉండొద్దూ.

మాది జాడలు తీసే వంశం. పోయిన గేదెదైనా, పారిపోయిన దొంగదైనా, అడుగు చూసి చెబుతాం. జాడ మీద అబద్ధమాడితే కళ్ళు పోతాయని మా నాన్న అనేవాడు. నేను ఏనాడూ ఆడలేదు.

ఆ పొద్దున హవాబాయి రొప్పుకుంటూ వచ్చింది.

"సుమార్ అన్నా, వాకిట్లో అడుగుంది. చెరిగిపోకుండా రొట్టెల పెనం బోర్లించి వచ్చాను. మా ఆయనదే."

ఆమె మొగుడు లాధో. తప్పిపోయిన ఒంటెలను వెతుక్కుంటూ ఉప్పులోకి పోయినవాడు ఏళ్ళు గడిచినా తిరిగి రాలేదు.

నేను వెళ్ళేసరికి ఆమె మరిది మిఠూ మంచాన్ని ఒంటెబండి ఎక్కిస్తున్నాడు.

"వదినను తీసుకుపోతున్నా బాబాయ్. ఒంటరిగా ఎన్నాళ్ళుంటుంది? ఆ అడుగు మా అన్నదేనని నువ్వంటే మాత్రం ఉండనిస్తా. కాదంటే ఇల్లు విప్పేస్తా."

"నేను పోతే ఆయన వచ్చి ఎవరిని పిలుస్తాడు?" అంది హవాబాయి.

"అన్నీ నా నెత్తినే వేయండి," అని విసుక్కుంటూ పెనం ఎత్తాను.

చెప్పు లాధోదే, మడమ దగ్గర తోలు అతుకుతో సహా. లోపలి కాలు మాత్రం చిన్నది. బరువంతా మునివేళ్ళ మీదే పడింది. బతుకంతా నీళ్ళకుండ మోసిన ఆడదాని నడక అది. తలెత్తి హవాబాయిని చూశాను. ఆమె నేల చూస్తోంది.

"లాధోదే," అన్నాను.

ఆమె మీద జాలితో అన్నానంటే సగమే నిజం. ఆ రెండో పొగ కూడా ఆరిపోతే నేను బతకలేను.

"మరి ఇంట్లోకి రాలేదేం?" అన్నాడు మిఠూ.

"ఒంటెలు లేకుండా ఏ మొహం పెట్టుకుని వస్తాడురా?"

మిఠూ మంచం దించేసి బండి తోలుకుపోయాడు.

"చెప్పులో గుడ్డలు కుక్కుకుని నడవాల్సింది," అని కసిరాను. "నా కళ్ళు పోతే రొట్టె నువ్వే తినిపించాలి."

ఆమె నవ్వలేదు. దగ్గరికొచ్చి నా చేయి పట్టుకుంది.

"ఆ అడుగు నాదేనని నాకు తెలుసన్నా. కానీ నాతో నువ్వు జాడ మీద అబద్ధం చెప్పవు కదా. దాని పక్కన ఇంకోటేమైనా కనబడిందా?"

లేదమ్మా అనబోయాను.

"గాలికి చెరిగిపోయినట్టుంది. సరిగా తెలియలేదు," అన్నాను.

ఆమె తలూపి, పెనం తీసి మళ్ళీ అక్కడే జాగ్రత్తగా బోర్లించింది.

"మరి రొట్టెలు దేనిమీద కాలుస్తావు?"

"ఇవాళ ఆకలి లేదులే అన్నా."

నేల చూసుకుంటూ ఇంటిదారి పట్టాను. సగం దూరం పోయాక గానీ తెలియలేదు, నేను వెతుకుతున్నది లాధో అడుగు కోసమని.