ఇన్నాళ్ళకి పడుకోవడం వచ్చింది

అక్షరాలు నాకు జుట్టు నెరిశాక వచ్చాయి. మా ఆయన పోయాక సంతకం కోసం మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే దిద్దుకుని చదవండి. నా రాత నత్తనడక, విసుక్కోకండి.

టైర్ల కొట్టు మీద మేడగదిలో ఒకావిడ యోగా నేర్పేది. పుట్టిన బిడ్డ దక్కక మంచానికి అతుక్కుపోయిన రోజుల్లో ఈ యోగాయే తనను లేపి నిలబెట్టిందని ఆమె నమ్మకం. అందుకే ఎవరు ఏడుస్తూ వచ్చినా ఆమెది ఒకటే మాట: "బాధని చంకనెత్తుకు తిరక్కండి. కిందికి దింపండి." ఆ మాట మెత్తగా చెప్పేది. విన్నవాళ్ళు దింపినట్టే వెళ్ళేవాళ్ళు.

ఆ మాట పట్టనిది ఒక్క సొంత చెల్లెలికే. క్లాసు చివర శవాసనం వేయించేటప్పుడు అందరూ కొయ్యల్లా పడుకుంటే ఆ పిల్ల మోచెయ్యి గోక్కునేది, ఒంటికన్ను తెరిచి ఫ్యాను చూసేది.

"చీమలపుట్ట మీద పడుకున్నావటే?" అనేది అక్క.

"శవం కావడానికి తొందరేముందక్కా?" అనేది చెల్లెలు. క్లాసంతా పడుకునే నవ్వేది.

ఒక ఉదయం మెట్లెక్కుతూ చెల్లెలు ఆగింది. "ఎడమ భుజం లాగేస్తోందే. ఇవాళ ఓ పక్కన కూచుని చూస్తాను."

"నీకు రోజుకో సాకు. ఊపిరి మీద మనసు పెట్టు, అదే పోతుంది."

చెల్లెలు ఆసనాలకు నిలబడింది. అన్నీ చేసింది. చివర కిటికీ పక్క చాప మీద వెల్లకిలా పడుకుని మరి కదల్లేదు. టీచరు ఆమె తలదగ్గర నిలబడి క్లాసును పిలిచింది.

"ఒకసారి కళ్ళు తెరిచి ఇటు చూడండి. ఇన్నాళ్ళకి మా చిన్నదానికి పడుకోవడం వచ్చింది. శవాసనమంటే ఇదీ."

అందరూ తలలెత్తి చూశారు. ఎవరో మెల్లగా చప్పట్లు కొట్టారు. టీచరు మురిసిపోయి ఆ రోజు శవాసనం ఇంకాసేపు సాగనిచ్చింది. ఆఫీసులకు వెళ్ళాల్సినవాళ్ళు, ఆ పిల్లకు భంగం కలగకూడదని మునివేళ్ళ మీద నడిచి చాపలు చుట్టుకుపోయారు. గది ఖాళీ అయ్యాక టీచరు నవ్వుతూ చెల్లెలి పాదం పట్టుకుని ఊపింది. పాదం చల్లగా ఉంది.

ఆస్పత్రిలో డాక్టరు, "కాస్త ముందు తెచ్చుంటే" అని మిగతా ముక్క మింగేశాడు.

చెల్లెలి మొగుడు భోరుమని ఏడ్చి, "నీ దగ్గరే పోయింది వదినా, అదొక్కటే నయం" అన్నాడు. ఆ మాటకు టీచరు నేలలోకి కుంగిపోయింది. తిట్టాల్సినవాడు దండం పెట్టి వెళ్ళాడు. ఇక మిగిలింది తల్లి. తల్లి ఆమెతోనే ఉండేది. వండేది, కంచంలో పెట్టేది, బట్టలు మడతపెట్టేది. మాట మాత్రం లేదు.

క్లాసుకు ఇక పురుగు కూడా రాదనుకుంది టీచరు. తలుపు తెరిస్తే గది కిక్కిరిసిపోయింది.

"అలాంటి చావు ఎందరికొస్తుందండీ?" అంది పళ్ళ డాక్టరమ్మ. "నొప్పి లేదు, గోల లేదు."

"కిటికీ పక్క చోటు నాది. ముందడిగింది నేను" అన్నాడు బ్యాంకు క్యాషియరు.

"అది భుజం లాగుతోందని చెప్పింది. నేనే వినలేదు" అంది టీచరు, అందరికీ వినబడేలా.

పళ్ళ డాక్టరమ్మ ఆమె చెయ్యి నిమిరింది. "బాధని చంకనెత్తుకు తిరగొద్దని మీరేగా చెప్పారు. దింపెయ్యండి."

టీచరుకు ఇక కావలసింది ఒక్కటే. తల్లి నోటి నుంచి ఒక్క తిట్టు. చెంపదెబ్బయినా సరే. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లి ముందు చతికిలబడింది.

"అమ్మా, ఏదో ఒకటి అనవే. చంపావనైనా అను."

తల్లి ఈనె తీసి గిన్నెలో వేసింది. కిటికీలోంచి పక్కింటావిణ్ణి కేకేసింది. "మీ కుళాయిలో నీళ్ళొస్తున్నాయా అమ్మా? మాకు సన్నగా వస్తున్నాయి." పక్కింటావిడ ఏదో అంటే నవ్వింది కూడా.

మరునాడు తల్లి క్లాసుకు వచ్చింది. గోడ పట్టుకుని మెట్లెక్కి, చెప్పులు వదిలి, తిన్నగా కిటికీ పక్కకు పోయింది. క్యాషియరు సణుగుతూ చాప జరుపుకున్నాడు. ఆసనాలేవీ వేయకుండా ఆవిడ మొదటి నుంచీ వెల్లకిలా పడుకునే ఉంది. క్లాసు చివర అందరూ పడుకున్నారు. టీచరు అటు చూసింది. తల్లి రొమ్ము పైకి లేవడం లేదు.

మనుషుల మీదనుంచి దాటుకుంటూ పరుగెత్తింది. మోకాళ్ళ మీద కూలబడి, వంగి, తల్లి ముక్కు దగ్గర చెవి పెట్టింది.

తల్లి కళ్ళు తెరిచింది. "ఆ రోజు ఈ వంగడం ఏమైందే? ఊరందరికీ వంగడం నేర్పేదానివి."

టీచరుకు ఏడుపూ ఊరటా కలిసి తన్నుకొచ్చాయి. "అను అమ్మా. ఇంకా అను. కొట్టు."

చాపల మీద అందరూ కళ్ళు మూసుకునే చెవులు రిక్కించారు.

"అంటే నీకు తేలికవుతుంది" అంది తల్లి. "నేనెందుకు తేలిక చేస్తాను? ఈ ఒక్క మాటకే సంబరపడిపోయావు, మొహం చూడు. ఇదే ఆఖరు. ఇక అనను. రోజూ వస్తాను, ఇక్కడే పడుకుంటాను. నువ్వు చూసుకో."

అన్నట్టే రోజూ వచ్చింది. చివర ఊపిరి ఎంతసేపు బిగబట్టగలిగితే అంతసేపు బిగబట్టేది. ఏ రోజు నిజమవుతుందో తెలియదు గనక టీచరు ఏ రోజూ వంగకుండా ఉండలేకపోయింది. వంగగానే తల్లి కళ్ళు తెరిచి, ఓ చూపు చూసి, గోడవైపు తిరిగేది.

కొత్తగా చేరినవాళ్ళకు ఇదేమీ తెలియదు. మెట్లు దిగుతూ ఒకామె పక్కామెతో అంది: "తల్లిని ఎలా చూసుకుంటుందో చూశారా? మా అమ్మాయీ ఉంది, ఎందుకూ. కరుణ అంటే ఇదీ."

— చాపలవ్వ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు వెనకగదిలో.