పై వాటా

గోర్డన్ రామ్స్‌డెన్ చచ్చి ఏ లోకానికి పోయినా అక్కడ డొమినోల ఆట ఉండకూడదని, ఉన్నా వాడికి జోడీ దొరక్కూడదని క్లిఫర్డ్ ఓమెరాడ్ కోరిక. ఇరవై ఏళ్ల స్నేహితుడి మీద అంత కసి ఊరికే పుట్టదు. బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన గోర్డన్‌కు తెలియదన్న విషయం లేదు. తెలిసిన విషయమూ లేదు.

క్లిఫర్డ్ పదిహేనో ఏట బడి మానేసి నిచ్చెనెక్కాడు. లాంకషైర్ వానలో తడుస్తూ జీవితమంతా జనాల ఇళ్ల కప్పులకు రాతిపలకలు పరిచాడు. చివరికి దక్కినవి రెండు అరిగిన మోకాళ్లు, ఆల్డర్ ఫోల్డ్ అనే పెద్దవాళ్ల సముదాయంలో తోటవైపు కింది వాటా. అదీ సగమే అతనిది. తక్కిన సగం కట్టించిన సంఘానిది, దానికి అద్దె కట్టాలి. తోటకూ, వరండా దీపాలకూ, కిటికీలు కడిగేవాడికీ నిర్వహణ ఖర్చు వేరే. పింఛను చాలని మనిషి కాబట్టి అద్దె కౌన్సిల్ భరించేది, నిర్వహణ ఖర్చుకు పింఛనువాళ్లు సాయం చేసేవాళ్లు.

అంతలో అక్క ఎడ్నా పోతూ పోతూ అతని పేర ఇరవై నాలుగు వేల పౌండ్లు రాసిపోయింది. డబ్బున్నవాడికి సాయమెందుకని రెండు సాయాలూ ఆగాయి. వారానికి యాభై ఒక్క పౌండ్లు సొంత జేబులోంచి పోవడం మొదలైంది. అదృష్టం తలుపు తట్టిందంటే పేదవాడు ముందు జేబు తడుముకోవాలి.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఇల్లు మూడొంతులు సొంతమైతే మిగతా పావుకు అద్దె అడగరు. అందులో డబ్బు ఖర్చయిపోతే నిర్వహణ సాయమూ తిరిగొస్తుంది. ఇలా వాటా పెంచుకోవడాన్ని సంఘంవాళ్ల భాషలో "మెట్లెక్కడం" అంటారు. ఎందుకంటారో వాళ్లకే తెలియాలి. ఆల్డర్ ఫోల్డ్‌లో ఈ మాట అందరూ ఎరుగుదురు, ఇద్దరు తప్ప.

మేనేజర్ జనీన్ మంచి పిల్ల. ఒక ఉదయం అందరూ కలిసి టీ తాగేచోట క్లిఫర్డ్ పక్కన కూర్చుంది.

"క్లిఫర్డ్ గారూ, మీరు మెట్లెక్కేస్తే హాయి. సగం ఉందిగా, ఆ పైన వాటా కూడా తీసేసుకోండి. ఇరవై రెండు వేల అయిదువందలు."

"నా మోకాళ్లు చూశావా తల్లీ?"

"మొత్తం ఎక్కక్కర్లేదండీ. మూడొంతులు ఎక్కి ఆగిపోవచ్చు. ఇక్కడ చాలామంది అక్కడే ఆగిపోయారు."

మెట్ల మధ్యలో ఆగిపోయిన ఆ చాలామందిని తలుచుకుని క్లిఫర్డ్ టీ సగంలోనే వదిలేసి లేచాడు. సాయంత్రం డొమినోల బల్ల దగ్గర గోర్డన్‌కు చెప్పాడు.

"ఇంకా అర్థం కాలేదురా నీకు?" అన్నాడు గోర్డన్ బిళ్ల టక్కున పెట్టి. "నిన్ను పై వాటాకు తోలేసి, తోటవైపు వాటా ఎవడో డబ్బున్నోడికి కట్టబెడతారు. అదీ నీ అక్క డబ్బుతోనే! మా పిన్ని కొడుకు కౌన్సిల్లో ఉన్నాడు, నాకు తెలీదూ?"

"అక్కడేం చేస్తాడు?"

"చెత్తబండి తోల్తాడు. అయితే ఏంట్రా? ఊళ్లో ఎవరేం పారేస్తున్నారో వాడికి తెలిసినట్టు ఇంకెవడికి తెలుసు?"

ఆ రాత్రే క్లిఫర్డ్ యుద్ధానికి దిగాడు. కిటికీలో "ఎక్కను" అని అట్ట కట్టాడు. జనీన్ కనిపిస్తే చాలు, అవసరం లేని చేతికర్ర పట్టుకుని కుంటేవాడు. ఆ కుంటడం చూసి జనీన్‌కు జాలేసింది. స్నానాలగదిలో పట్టుకునే కడ్డీలు బిగించే మనిషిని పంపింది.

"చూశావా, బుజ్జగిస్తున్నారు. మెత్తబడ్డావో, పోయావే!" అన్నాడు గోర్డన్.

"పోనీ కొంచెమన్నా ఎక్కండి క్లిఫర్డ్ గారూ, చేతిలో డబ్బు కరిగిపోతోంది," అని జనీన్ బతిమాలింది.

"చచ్చాక మోసుకెళ్లి ఎక్కించుకోండి!"

"పోయాక ఎలా ఎక్కుతారండీ?" అని ఆ పిల్ల నోరు తెరిచింది.

ఇలా ముప్పై ఒక్క వారాలు గడిచాయి. ఒకనాడు పై అంతస్తు డాట్ హిగిన్‌బాటమ్, ఎనభై ఏళ్ల మనిషి, బంగాళాదుంపలు కూరిన రొట్టె పట్టుకుని దిగొచ్చి, కిటికీలో అట్ట చూసి నిలబడిపోయింది.

"ఏమయ్యా, ఎందుకెక్కవు? నేను పోయినేడే ఎక్కాను. అద్దె పీడ విరగడైంది."

"నువ్వుండేదే పైన. రోజూ ఎక్కుతూనే ఉంటావు."

"ఏడ్చినట్టుంది! నేనెక్కింది వకీలు ఆఫీసులో, కుర్చీలో కూర్చుని. సంతకం పెట్టి ఎక్కానయ్యా. అక్కడుందల్లా ఒక్క గడప, అదీ దాటేటప్పుడు వాళ్లే చెయ్యిచ్చారు."

క్లిఫర్డ్ ఆమె చేతిలోని రొట్టె వైపు చూశాడు, అట్ట వైపు చూశాడు. ఆ తర్వాత కర్ర అక్కడే మర్చిపోయి జనీన్ గదికి పరుగెత్తాడు. ఆ మోకాళ్లు అలా పరుగెత్తడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇంటికి మళ్లీ ధర కట్టించారు. కప్పు కారుతోంది కాబట్టి పైసా పెరగలేదు, పావు వాటా అదే ఇరవై రెండు వేల అయిదువందలు. ఆ కప్పు వేసినవాడు తాగి వేశాడని క్లిఫర్డ్ వచ్చిన రోజే చెప్పాడు. ఇప్పుడా తాగుబోతుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. వకీలు ఖర్చుకు పింఛనులోంచి వేరే దాచుకున్నాడు, అక్క డబ్బులో మిగిలింది లెక్క చూశాడు. ఎనభై ఒక్క పౌండ్లు తక్కువ.

నేరుగా డొమినోల బల్ల దగ్గరికి వెళ్లి చెయ్యి చాచాడు.

"ఎనభై ఒకటి తియ్యరా."

"నేనెందుకు తియ్యాలి? మెట్లంటే మెట్లనుకోక ఏమనుకుంటార్రా ఎవరైనా?"

"నేననుకున్నది మెట్లు. నన్ను పైకి తోలేస్తారన్నది నువ్వు. తియ్యి."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా తననే చూస్తుంటే గోర్డన్ బ్లాక్‌పూల్ సముద్రతీరాన దీపాల పండుగ చూడ్డానికి డబ్బు దాచుకున్న డబ్బా తెచ్చి, మూలుగుతూ ఎనభై ఒకటి గుమ్మరించాడు.

"ఇంతటితో చెల్లుకు చెల్లు కదరా?"

ఇప్పుడు క్లిఫర్డ్ మూడొంతులెక్కి కింది వాటాలోనే హాయిగా ఉన్నాడు. అద్దె లేదు, నిర్వహణ సాయం తిరిగొచ్చింది. ఎక్కనన్న అట్ట మాత్రం తియ్యలేదు, దానికి ఎండ ఆగుతుందట. గోర్డన్‌తో డొమినోలు ఆడుతూనే ఉన్నాడు, ఆ ఊళ్లో ఇంకెవడున్నాడు గనక. కానీ ప్రతి సాయంత్రం మొదటి బిళ్ల పెట్టబోతూ ఒక్కసారి ఆగి, వాడి మొహంలోకి చూస్తూ లెక్క అప్పజెబుతాడు: ముప్పై ఒక్క వారాల్లో పోయింది పదిహేను వందల ఎనభై ఒకటి, నువ్విచ్చింది ఎనభై ఒకటి, ఇంకా రావలసింది పదిహేను వందల పౌండ్లు.