ట్యాంకులో పెట్రోలు ఉండగానే

ట్యాంకుల్లో సగానికి పైగా పెట్రోలు ఉంది. అయినా ఇంజను గాల్లో ఆగిపోయింది. గుర్‌గావ్ అవతల సజ్జచేలో దించబోతే విమానం ముక్కు నేలకు గుద్దుకుంది. విమానం నడపడం నేర్చుకుంటున్న గౌరి అక్కడికక్కడే చనిపోయింది. పక్కన కూర్చుని నేర్పుతున్న నవదీప్ చెయ్యి విరిగి బతికాడు.

ఇక క్లబ్బులో అందరికీ నోళ్లు లేచాయి. నవదీపే ఏదో తప్పు మీట లాగాడట, పిల్లను పొట్టన పెట్టుకున్నాడట. విమానం తోకేదో ముక్కేదో తెలియని గుమాస్తాలు కూడా తీర్పులు చెప్పేశారు. వేరే కారణం దొరక్కపోతే అతని లైసెన్సు పోతుంది, పేరూ పోతుంది. నేను ఆ క్లబ్బు ఇంజనీరుని. నాకు ఒళ్లు మండిపోయింది. విచారణాధికారి అనుమతి తీసుకుని, హ్యాంగర్లో ఆ విమానాన్ని విప్పడం మొదలుపెట్టాను.

నవదీప్ చేతికట్టుతోనే రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగువాడు.

"మైథిలీ దీదీ, ఇంజన్ దగ్గింది, మళ్లీ అందుకుంది, తర్వాత ఏకంగా బంద్. నేనేం ముట్టుకోలేదు. సచ్."

"ఎక్కేముందు చుట్టూ తిరిగి చూసిందెవరు?"

"గౌరి. సీనియర్ అయింది కదా. అన్నీ ఓకే సార్ అంది, నేనెళ్లి కూర్చున్నా."

అది మా క్లబ్బు అలవాటు. కాస్త చెయ్యి తిరిగిన విద్యార్థులు తనిఖీ తామే చేసుకుంటారు. నేర్పేవాడు నేరుగా వచ్చి ఎక్కుతాడు.

పెట్రోలు గాజుగ్లాసులో పట్టి చూశాను. విమానం పెట్రోలు ఉండాల్సినట్టే నీలంగా ఉంది, నీటిచుక్క లేదు. వడపోత జల్లెడ శుభ్రంగా ఉంది. ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటరు గిన్నె మాత్రం ఎండిపోయి ఉంది. అంటే గాల్లో ఉండగా పెట్రోలు అక్కడిదాకా రాలేదు. కానీ ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి బకెట్ పెడితే ధారగా దూకింది. నాకు మతిపోయింది.

ప్రమాదం రోజు మంటలార్పేవాళ్లు ట్యాంకు మూతలు తీశారు. నేనూ వాటిని అలాగే వదిలేశాను. ఆ సంగతి తట్టగానే మూతలు బిగించి మళ్లీ ధార వదిలాను. కాసేపు బాగానే పడింది. తర్వాత సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. మూత తిప్పగానే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. పెట్రోలు మళ్లీ దూకింది.

పెట్రోలు ఖర్చయిన కొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. ఆ గాలి కోసం రెండు ట్యాంకులకూ కలిపి రెక్క కింద వేలెడు గొట్టం ఉంటుంది. అందులోకి తీగ దూర్చబోతే దిగలేదు. గీకితే ఎండిన మట్టి రాలింది. వానలకు విమానం కదలకుండా ఉన్న రోజుల్లో కుమ్మరి కందిరీగ ఒకటి అందులో మట్టిగూడు కట్టుకుంది.

"దొరికిందిరా నవదీప్! నువ్వేం చెయ్యలేదురా!" అని అరిచాను. నాకు ఏడుపొచ్చేసింది.

అతను మాత్రం సంతోషించలేదు. "ఆ గొట్టం చూడటం కూడా తనిఖీలో ఉంది కదా, దీదీ" అన్నాడు.

ఉంది. చూడాల్సింది గౌరే.

ఇంతలో గుమ్మం దగ్గర అలికిడైంది. గౌరి తండ్రి అనంతరామయ్య, విచారణ ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి వచ్చాడు. సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. నా అరుపు విన్నట్టున్నాడు. "ఏం దొరికిందమ్మా?" అని అడిగాడు. దాచడం నా వల్ల కాలేదు. చూపించి, ఇంజను ఎలా ఆగిందో చెప్పాను.

ఆయన వంగి ఆ మట్టిని వేలితో ముట్టి చూశాడు. "ఎక్కేముందే చూసుకోవాల్సింది కదమ్మా ఇది. ఆ రోజు చూసిందెవరు? మా పిల్లేనా? వాళ్లమ్మ అన్నం ముట్టట్లేదు. మన పిల్లే ఏదైనా తప్పు చేసిందేమోనండీ అని ఒకటే గోల."

నేను నోరు తెరిచేలోగా నవదీప్ లేచాడు.

"నేనే అంకుల్. గౌరిని కూర్చోమని నేనే చుట్టూ చూశా. ఆ గొట్టం చూడలేదు."

అనంతరామయ్య నా వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

నవదీప్ కళ్లతోనే నన్ను బతిమాలాడు. వాణ్ని కాపాడటానికే కదా ఇన్నాళ్లూ ఈ ఇనుముతో కొట్టుకున్నాను. ఒక్క మాట చాలు, బయటపడతాడు. ఆ తండ్రి నా మొహంలోకే చూస్తున్నాడు.

"అవునండీ" అన్నాను.

ఆయన సెల్లు తీసి భార్యకు చేశాడు. "ఏమే, మన గౌరి తప్పేం లేదటే. ఇక నువ్వు అన్నం తిను. అంతా ఈ వెధవ చేసిందేనట" అన్నాడు. నవదీప్ తల వంచుకుని విన్నాడు.