మొదటి గ్లాసు

"ఆ పిల్లని ఇవాళ గ్లాసులు ముట్టుకోనివ్వకు," అన్నారు మా ఆయన, టై సరిచేసుకుంటూ.

ప్రభు బల్ల ఉన్న ఆదివారం, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే రోజున, ఆ రసం పోసే చిన్న గాజు గ్లాసులు కడగడం పాస్టరు భార్యగా నా పని. జీతం లేదు, సెలవు లేదు, సేవ అంటారు. క్వయిర్‌లో పాడే ఆ పిల్ల నా పక్కన నిలబడి, పొడిగుడ్డతో వాటిని తుడుస్తూ, ఏదో ఒకటి వాగి నన్ను నవ్వించేది. ఇప్పుడు కడుపుతో ఉంది. పెళ్లి కాలేదు. కారణం సంఘపెద్ద కొడుకు. ఇవాళ కీబోర్డు వాయించేది కూడా వాడే.

పెద్దల మీటింగుకి టీ తీసుకెళ్లినప్పుడు విన్నాను. "కుర్రాడి చదువు పాడైపోతుందండీ. అయినా ఆడపిల్ల కదా జాగ్రత్తగా ఉండాల్సింది," అన్నాడు వాడి తండ్రి. అందరూ తలూపి టీ తాగారు. ఆ పిల్ల సంఘం ముందు నిలబడి క్షమాపణ అడగాలి, బల్లకు దూరంగా ఉండాలి అని తేల్చారు.

"మరి వాడో?" అన్నాను ఇంటికొచ్చాక.

"నీకెందుకే ఇవన్నీ? టీ ఇచ్చావుగా, అక్కడితో ఆగు."

పవిత్రత మీద ఆయన ప్రసంగం వింటే ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. జ్వరంగా ఉంది, వద్దు అని నేను బతిమాలిన రోజున కూడా, భార్యకు కాదనే హక్కు లేదని బైబిల్లో వాక్యం చూపించి మరీ నా మీద చెయ్యి వేసిన మనిషి. ఆ చేత్తోనే రొట్టె విరుస్తారు. దానికి లేచి నిలబడమని ఆయన్నెవరూ అడగలేదు. ఇష్టపడినందుకు ఆ పిల్లని వెలివేస్తున్నారు. ఇష్టం లేకుండా పడున్నందుకు నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టారు. ఇదెక్కడి న్యాయం తండ్రీ!

ఆరాధనలో ఆ పిల్ల లేచింది. మెల్లగా క్షమాపణ మొదలుపెట్టింది. "గట్టిగా చెప్పమ్మా, వినపడట్లేదు," అన్నారెవరో. మళ్లీ మొదటినుంచి చెప్పింది. కీబోర్డు దగ్గర వాడు తలెత్తలేదు. తర్వాత ఆ పిల్ల తలుపు పక్కన చివరి బెంచీలో కూర్చుంటే, అక్కడున్న ఇద్దరూ లేచి ముందుకు జరిగిపోయారు.

మా దగ్గర మొదటి గ్లాసు ఎప్పుడూ పాస్టరు భార్యకే. ఆయన అందించారు. తీసుకున్నాను. తాగబుద్ధి కాలేదు. లేచి, గ్లాసు తొణక్కుండా పట్టుకుని, బెంచీల మధ్య నుంచి వెనక్కి నడిచాను. పాట ఆగిపోయింది. ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో నాకు తెలుసు.

"తాగు," అన్నాను.

"వద్దక్కా, మీకు మాటొస్తుంది."

"రానీ."

చేతులు చాచింది. గ్లాసు ఆ చేతుల్లో పెట్టాను.

ఇంట్లో నన్ను "ఏయ్" అని పిలిచే ఆయన మైకులో అన్నారు, "అమ్మగారూ, మీ చోట్లో మీరు కూర్చోండి."

నేను ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.